హంసలదీవి వెళ్తున్నారా? అమ్మమ్మ మాట వినండి

అవనిగడ్డ, కోడూరు దాటితే హంసలదీవి. వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని పాలకాయతిప్ప మీదుగా వెళ్తే బీచ్. మడ అడవులు, ఉప్పుగాలి, కృష్ణమ్మ బంగాళాఖాతంలో కలిసే చోటు! కాకి ఇక్కడ మునిగి హంసయిందని స్థలపురాణం.

మొన్న అందరం కలిసి వెళ్లాం. అక్క పిల్లలు నీళ్లలోకి పరుగెత్తారు. అమ్మమ్మ మాత్రం ఇసుకలోనే కూర్చుంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆమె దివిసీమలో కొత్త కోడలు. వేలమందిని మింగిన రాత్రది. ‘‘అది మా ఊళ్లోకే వచ్చింది, మళ్లీ నేను దాని దగ్గరికెళ్లాలా?’’ అంది.

అలాగని ట్రిప్ మానక్కర్లేదు. నదీ సముద్రం కలిసేచోట ప్రవాహాలు ఢీకొంటాయి, అడుగున ఇసుక జరిగిపోతుంటుంది. మోకాలి లోతు అనుకున్నది రెండడుగుల్లో నడుము దాటొచ్చు. కాబట్టి స్నానం సంగమానికి దూరంగా, జనం ఉన్నచోటే. నీళ్లు లోపలికి లాగితే ఎదురీదొద్దు, ఒడ్డు వెంబడే పక్కకి ఈదాలి. పిల్లల్ని చూసేవాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదు.

బయల్దేరేముందు మాత్రం అదే ఫోన్‌లో వాతావరణం చూడండి. అప్పట్లో చాలా ఊళ్లకు తుఫాను కబురే సరిగా అందలేదు. మనకు రోజుల ముందే వస్తోంది. దాన్ని చదవకుండా స్వైప్ చేసేయకండి.