బిడ్డ బరువు తగ్గిందా? పాల డబ్బా కొనే ముందు ఇది చదవండి

కాన్పయిన నాలుగైదు రోజులకు బాలింతలు మాతో తరచుగా అనే మాట, "నాకు పాలు చాలడం లేదు, బిడ్డ తగ్గిపోయినాడు" అని. వెంట వచ్చిన అవ్వ డబ్బా పాలు రాసివ్వమంటుంది. తల్లులారా, తొందరపడకండి.

తగ్గడం సహజమే

దాదాపు ప్రతి బిడ్డా మొదటి మూడు నాలుగు రోజుల్లో కొంత బరువు తగ్గుతుంది. 2 కిలోల 800 గ్రాములతో పుట్టిన బిడ్డ 2 కిలోల 600 గ్రాములకు దిగవచ్చు. నూటికి 10 వంతులకు మించి తగ్గినా, రెండు వారాలకు పుట్టినప్పటి బరువు తిరిగి రాకపోయినా డాక్టరుకు చూపించాలి. ఆ తరువాత రోజుకు సుమారు 25 గ్రాములు పెరిగితే చాలు. ప్రతిసారీ ఒకే తూకం మీద, బట్టలు తీసి తూచాలి. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వస్తుంది. ఆమెతో తూయించి, రాయించుకోండి.

పాలు పెరిగేదెలా?

సగిలేటి ఇసుకలో చెలమ తోడేకొద్దీ ఊరుతుంది. తల్లిపాలూ అంతే. డబ్బా పాలతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము సరిగా చీకదు. చీకకపోతే పాలు తగ్గుతాయి.

• పగలూ రాత్రీ కలిపి 8 నుంచి 12 సార్లు పట్టండి. మొదటి వారాల్లో మూడు గంటలు దాటితే అరికాలు నిమిరి లేపండి.
• చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలావరకు బిడ్డ నోట్లోకి పోవాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి.
• ఒక రొమ్ము బాగా తాగిన తరువాతే రెండోది ఇవ్వండి. చివర వచ్చే పాలలో కొవ్వు ఎక్కువ.
• రెండున్నర కిలోలకన్నా తక్కువ ఉన్న బిడ్డను గుండెల మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టుకోండి. చీకలేకపోతే పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టండి.

మన ఎండలకు నీళ్లు వద్దా?

వద్దు. తల్లిపాలలో నూటికి 88 వంతులు నీరే. ఆరు నెలలు నిండేవరకు నీళ్లు, చక్కెర నీళ్లు, తేనె, గ్రైప్ వాటర్ ఏవీ పోయకండి. నీళ్లు తాగవలసింది తల్లి. పథ్యమని ఆమె కడుపు మాడ్చకండి. సంగటి, పప్పు, ఆకుకూర, గుడ్డు, చెనిక్కాయలు అన్నీ పెట్టండి.

పాలు చాలుతున్నాయని తెలిసేదెలా?

ఐదో రోజు నుంచి బిడ్డ రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తే, విరేచనం పసుపు రంగుకు మారితే పాలు అందుతున్నట్లే.

బిడ్డ పాలు తాగకపోయినా, లేపినా లేవకపోయినా, ఒళ్లు కాలినా, చల్లబడినా, రొప్పినా, అరికాళ్ల దాకా పచ్చబడినా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

కొందరు బిడ్డలకు పైపాలు నిజంగానే అవసరం కావచ్చు. ఆ సంగతి బిడ్డను తూచి, పాలు తాగే తీరు చూసి డాక్టరు తేల్చాలి. తల్లిపాలే శ్రేష్ఠమని ప్రతి పాల డబ్బా మీదా ముద్రించాలని మన దేశంలో 1992లో చట్టమే చేశారు. అవ్వలూ, అత్తలూ, బాలింతకు ధైర్యం చెప్పండి. ఆమెకు కావలసింది విశ్రాంతి, తిండి, పక్కన ఒక మనిషి.