నర్సుకు కళ్లజోడు కూడదా?

సర్వేంద్రియాలలో నయనం ప్రధానమని పెద్దలు చెప్పారు. ఆ నయనానికి తోడుగా నిలిచే సాధనాన్ని మనం వాడుకలో కళ్లజోడు అనీ, గ్రంథభాషలో సులోచనాలు అనీ అంటాం. ఉర్దూలో దానిని ఐనక్ అంటారు. అరబ్బీలో కంటికి పేరైన ‘ఐన్’ ఆ మాటకు మూలం. రెండు భాషలలోనూ ఆ వస్తువుకు పేరు కంటి నుండి వచ్చినదే గాని, అలంకారం నుండి వచ్చినది కాదు. అయినప్పటికీ లోకంలో కొన్ని ఉద్యోగశాలలు దానిని చూపుకు సాధనంగా గాక ముఖానికి లోపంగా ఎంచుతున్నాయి. స్త్రీలు పనిచేసే చోట్ల ఈ ధోరణి మరింత ప్రబలంగా కనిపిస్తుంది. అట్టి నియమం నర్సు వృత్తిలో ప్రవేశించిన యెడల దాని ఫలితమేమి? ఏ నియమం రోగి క్షేమానికి ఏర్పడినది, ఏది వివక్ష? మన విద్యార్థినులలో పలువురు నర్సింగు వృత్తి వైపు దృష్టి సారిస్తున్న ఈ రోజులలో ఈ ప్రశ్నలను విచారించడం అవసరమని మేము భావిస్తున్నాము.

ఇది కేవలం ఊహలో పుట్టిన భయం కాదు. 2019 సంవత్సరాంతంలో జపాను దేశపు వార్తాసంస్థలు ఒక విషయాన్ని వెలుగులోకి తెచ్చాయి. ఆ దేశంలో కొన్ని సంస్థలు తమ స్త్రీ ఉద్యోగులను పనివేళలలో కళ్లజోడు ధరించవద్దని ఆదేశిస్తున్నాయి. అందుకు అవి చెప్పిన కారణాలు పరిశీలింపదగినవి. విమానయాన సంస్థలు భద్రత అన్నాయి. సౌందర్య సాధనాల రంగం వారు ఉద్యోగిని ముఖాలంకరణ స్పష్టంగా కనబడదన్నారు. దుకాణాల వారు కళ్లజోడు ధరించిన స్త్రీ కొనుగోలుదారులకు ఆదరణ లేనిదిగా తోస్తుందన్నారు. సంప్రదాయ భోజనశాలల వారు అది కిమోనోకు నప్పదన్నారు. కొన్ని చోట్ల అది లిఖిత నియమమో, వాడుకగా వచ్చిన ఆజ్ఞయో కూడ తేటపడలేదు. పురుషులకు లేని నిర్బంధం స్త్రీలకు ఎందుకని ఆ దేశపు స్త్రీలు నిలదీశారు. అదే సంవత్సరం ఎత్తుమడమల చెప్పులను విధిగా ధరించాలనే నియమంపై ఆందోళన సాగించిన వారికి ఇది మరొక ఉదాహరణ అయినది. అంతకు ముందు, 2018 ఏప్రిల్‌లో, దక్షిణ కొరియాలో ఒక ప్రధాన టెలివిజన్ సంస్థలో వార్తలు చదివే యువతి కళ్లజోడుతో తెరపై కనిపించడమే పెద్ద వార్త అయినది. పురుషులు అంతకు పూర్వమే కళ్లజోళ్లతో వార్తలు చదువుతూ వచ్చారు. వారిని గూర్చి ఎవరూ ఆశ్చర్యపడలేదు.

దుకాణంలోనో, భోజనశాలలోనో ఇట్టి నియమం వలన నష్టపోయేది ప్రధానంగా ఆ ఉద్యోగిని. ఆసుపత్రిలో అట్లు కాదు. అక్కడ నష్టం రోగికి కూడ సంక్రమిస్తుంది. నర్సు పనిలో చూపుకు గల స్థానం గ్రహిస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది.

ఆధునిక నర్సు వృత్తికి పునాది వేసిన ఫ్లారెన్సు నైటింగేల్ 1859లో ప్రచురించిన గ్రంథంలో రోగిని పరిశీలించడం గూర్చి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే వ్రాశారు. రోగి పెదవుల రంగు, శ్వాస తీరు, పాదాల వాపు, కట్టులో ఊరిన రక్తం, వీటిని వైద్యుని కంటె ముందు చూడవలసినది నర్సు. వైద్యుడు రోజుకు ఒకటి రెండు మార్లు వచ్చి పోతాడు. నర్సు గంటల తరబడి పడక ప్రక్కన ఉంటుంది.

ఇక సూక్ష్మమైన పనులను తీసుకుందాం. మన దేశంలో ఇన్సులిన్ ప్రధానంగా రెండు బలాలలో లభిస్తుంది. ఒక రకంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, మరొక రకంలో 100 యూనిట్లు ఉంటాయి. వాటికి సిరంజిలు వేరు. 40 యూనిట్ల సిరంజికి ఎర్రమూత, 100 యూనిట్ల సిరంజికి నారింజరంగు మూత. సీసా మీది చిన్న అక్షరాలను సరిగా చదవక, 100 యూనిట్ల మందును 40 యూనిట్ల సిరంజిలోనికి 20వ గీత వరకు తీసినారనుకుందాం. రోగి దేహంలోనికి పోయేది 20 యూనిట్లు కాదు, 50 యూనిట్లు. అనగా రెండున్నర రెట్లు. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయి రోగి స్పృహ తప్పవచ్చు. అట్లే సెలైన్ ఎక్కించేటప్పుడు, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే గొట్టంతో 500 మిల్లీలీటర్ల ద్రవం 8 గంటలలో పూర్తి కావలెనంటే నిమిషానికి సుమారు 21 చుక్కలు పడాలి. ఆ చుక్కలను నర్సు గడియారం చూస్తూ లెక్కించాలి. అర్ధరాత్రి మందమైన వెలుతురులో ఈ పనులన్నీ చేయవలసిన వ్యక్తిని కళ్లజోడు తీసివేయమనడం ఎంతవరకు సబబో పాఠకులే యోచింపగలరు.

హ్రస్వదృష్టి ఉన్నవారి మాట అటుంచుదాం. నలభైయవ ఏడు సమీపించేసరికి దాదాపు ప్రతి మనిషికీ దగ్గరిచూపు తగ్గుతుంది. కంటిలోని కటకం వయసుతో బిరుసెక్కి, దగ్గరి వస్తువులపై దృష్టిని కేంద్రీకరించలేకపోవడం ఇందుకు కారణం. మన పెద్దలు దీనికి చత్వారం అని చక్కని పేరు పెట్టారు. కనుక కళ్లజోడు కూడదనే నియమం పెట్టిన ఆసుపత్రి, ఇరవై సంవత్సరాల అనుభవం గడించిన నర్సులను ఒక్కొక్కరినే పోగొట్టుకోవలసి వస్తుంది, లేదా వారిచేత సగం చూపుతో పని చేయించవలసి వస్తుంది. సరియైన కళ్లజోడు పనిని ఎంతగా మెరుగుపరుస్తుందో తెలిపే పరిశోధన ఒకటి 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వెలువడినది. అస్సాంలో 40 ఏళ్లు పైబడి, చత్వారం వచ్చిన 751 మంది తేయాకు కార్మికులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి ముందుగా కళ్లజోళ్లు ఇచ్చారు. రెండవ వర్గంతో పోల్చగా ఆ వర్గం కోసిన ఆకు సుమారు 22 శాతం అధికంగా పెరిగింది. ఆకు కోతలోనే ఇంత భేదం ఉన్నప్పుడు మందు కొలతలో ఎంత ఉంటుందో వేరుగా చెప్పనవసరం లేదు.

అయితే ఎదుటి పక్షం వాదనను కూడ న్యాయంగా వినవలెను. ఆసుపత్రిలో కళ్లజోడుకు సంబంధించి కొన్ని సమంజసమైన నియమాలు లేకపోలేదు. ఎం.ఆర్.ఐ. యంత్రం ఉన్న గదిలో బలమైన అయస్కాంత క్షేత్రం ఉంటుంది గనుక ఇనుము కలిసిన ఫ్రేములతో అందులో ప్రవేశించరాదు. రక్తమో, ఇతర ద్రవాలో చిందే అవకాశం ఉన్నప్పుడు మామూలు కళ్లజోడు కంటికి చాలిన రక్షణ కాదు. ప్రక్కల నుండి ద్రవం లోపలికి చేరుతుంది. కనుక దానిపై రక్షక కళ్లద్దాలు గాని, ముఖకవచం గాని ధరించాలి. శస్త్రచికిత్స గదిలో వదులైన జోడు జారిపడి శుద్ధి చేసిన పరికరాలను అపవిత్రం చేయవచ్చు. మానసిక చికిత్సాలయంలో ఉద్రేకానికి లోనైన రోగి దానిని లాగవచ్చు. మూతిగుడ్డ ధరించినప్పుడు ఊపిరి ఆవిరి అద్దాలను కమ్మవచ్చు. 2020లో కోవిడ్ వార్డులలో పనిచేసిన వారెందరికో ఈ ఇబ్బంది అనుభవమే.

ఈ అభ్యంతరాలలో దేనికీ పరిష్కారం నర్సును ఉద్యోగం నుండి తొలగించడం కాదు. ఇనుము లేని ప్లాస్టిక్ ఫ్రేము, తల వెనుక బిగించే పట్టీ, పగలని కటకాలు, ముక్కుపై చక్కగా అమరే మూతిగుడ్డ, పనికి ముందు వెనుకల సబ్బునీటితో అద్దాలను కడగడం, ఇవి స్వల్ప వ్యయంతో సాధ్యమయ్యే ఉపాయాలు. న్యాయమైన నియమం కళ్లజోడు ఎట్లు ధరించాలో చెబుతుంది. వివక్షతో కూడిన నియమం కళ్లజోడు ధరించినవారు రావద్దంటుంది. ఈ రెండింటి భేదమే మన చర్చకు కీలకం.

కొందరు కాంటాక్టు లెన్సులు పెట్టుకోవచ్చు గదా అంటారు. ఇష్టపడినవారు పెట్టుకోవచ్చు, విధించడం వేరు. కళ్లు పొడిబారే స్వభావం గలవారికి అవి సరిపడవు. శుభ్రమైన చేతులతో, తగిన ద్రావణంతో వాడకపోతే నల్లగుడ్డుపై పుండ్లు ఏర్పడి చూపే పోయే ప్రమాదమున్నది. వాటిని ధరించి నిద్రించడం ఆ ప్రమాదాన్ని మరింత పెంచుతుంది. రాత్రి డ్యూటీలో కునుకుపాటు తప్పని నర్సుకు, కొద్దిపాటి జీతంతో ఇల్లు నడిపే నర్సుకు, ఈ ఖర్చునూ ఈ ప్రమాదాన్నీ కేవలం ముఖసౌందర్యం కొరకు అంటగట్టడం న్యాయం కాదు.

ఇప్పుడు చట్టం సంగతి చూద్దాం. అమెరికాలో ఇద్దరు కవల సోదరీమణులు 1992లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ సంస్థలో విమాన చోదకుల ఉద్యోగానికి దరఖాస్తు చేశారు. కళ్లజోడుతో వారి చూపు సంపూర్ణం. కాని ఆ సంస్థ కళ్లజోడు లేని చూపును కొలిచి వారిని నిరాకరించినది. 1999లో అక్కడి సుప్రీంకోర్టు వారికి వ్యతిరేకంగా తీర్పు చెప్పినది: కళ్లజోడుతో చక్కగా చూడగలరు గనుక వారు వికలాంగులు కారు, అందుచేత ఆ చట్టం వారిని రక్షించదు! ఉద్యోగం అడిగితే చూపు లేదన్నారు. రక్షణ అడిగితే చూపు ఉన్నదన్నారు. ఈ వైపరీత్యాన్ని గుర్తించి ఆ దేశపు శాసనసభ 2008లో చట్టాన్ని సవరించినది. కళ్లజోడు లేని చూపును అర్హతగా పెట్టే యజమాని, అది ఆ పనికి నిజంగా అవసరమని నిరూపించవలసి ఉంటుంది.

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మందదృష్టిని నిర్వచించినప్పుడు, వీలైనంత సరిదిద్దిన తరువాతి చూపునే లెక్కలోనికి తీసుకున్నది. కనుక సామాన్యంగా కళ్లజోడు ధరించే యువతి ఆ చట్టం పరిధిలోనికి రాదు. ప్రభుత్వోద్యోగాల విషయంలో రాజ్యాంగం 14, 16 అధికరణాల ద్వారా సమానత్వాన్ని, సమానావకాశాలను హామీ ఇచ్చినది. ప్రైవేటు ఆసుపత్రుల విషయంలో అంతటి సూటియైన రక్షణ లేదు.

అయినా మనకు మార్గం చూపే ఉదాహరణ మన రైల్వే శాఖలోనే ఉన్నది. రైలుబండి నడిపే సహాయ లోకో పైలట్‌కు రెండు కళ్లకూ 6/6 చూపు కళ్లజోడు లేకుండానే ఉండాలని ఆ శాఖ నియమం. వేగంగా పోయే బండిలో సంకేతాన్ని దూరం నుండి గుర్తించవలసిన పని అది. అదే శాఖ 2019లో స్టాఫ్ నర్సుల నియామకానికి నిర్దేశించిన సి-1 శ్రేణిలో దూరపుచూపు ఒక కంటికి 6/12, మరొక కంటికి 6/18 చాలును. అదియును కళ్లజోడుతో గాని, లేకుండా గాని. యజమాని ఒక్కటే, పనిని బట్టి నియమం మారినది. ఇట్లు పని స్వభావాన్ని చూచి ఏర్పరచిన నియమాన్ని ఎవరూ తప్పు పట్టలేరు.

పనితో సంబంధం లేని నియమం న్యాయస్థానంలో నిలవదనడానికి నర్సు వృత్తి నుండే ఒక నిదర్శనం కలదు. సైనిక నర్సింగు సేవలో పనిచేస్తున్న ఒక అధికారిణిని వివాహం చేసుకున్నదన్న కారణంతో 1988లో తొలగించారు. అందుకు ఆధారమైన 1977 నాటి ఉత్తర్వు 1995లో రద్దయినది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తొలగింపు చట్టవిరుద్ధమనీ, ఆ నియమం మానవ గౌరవానికి, సమానత్వానికి విరుద్ధమనీ తీర్పు చెప్పి ఆమెకు 60 లక్షల రూపాయల పరిహారం ఇప్పించినది. వివాహానికీ పరిచర్యకూ సంబంధం లేనట్లే, ముక్కుపై నిలిచిన రెండు అద్దాలకూ నర్సు యోగ్యతకూ విరోధం లేదు.

తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న ప్రారంభించి, 2023లో రెండవ విడతగా నిర్వహించిన కంటివెలుగు కార్యక్రమంలో ఊరూరా నేత్ర పరీక్షలు జరిపి కళ్లజోళ్లు ఉచితంగా అందజేశారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2019లో ఇట్టి కార్యక్రమం బడిపిల్లలతో మొదలైనది. చూపును సరిదిద్దుకోవడం సిగ్గుపడవలసిన విషయం కాదని సమాజం ఈ విధంగా అంగీకరిస్తూనే, పెండ్లిచూపుల నాడు, ఉద్యోగపు ఇంటర్వ్యూ నాడు ఆడపిల్ల కళ్లజోడు తీసి దాచుకోవాలని కోరడం పరస్పర విరుద్ధం.

నర్సు వృత్తిని ఎంచుకొనే మన సోదరీమణులకు మా సూచన ఇది. ఏటేటా కంటి పరీక్ష చేయించుకొని, వైద్యుని నుండి కళ్లజోడుతో కల చూపు ఎంతో తెలిపే ధ్రువపత్రం దగ్గర ఉంచుకోండి. స్వదేశంలో గాని, విదేశంలో గాని ఉద్యోగానికి ఒప్పుకొనే ముందు వేషధారణ నియమాలను వ్రాతలో అడిగి తీసుకోండి. కళ్లజోడు కూడదని ఎవరైనా అన్న యెడల వినయంగా మూడు ప్రశ్నలు వేయండి: ఈ నియమం ఏ ప్రమాదాన్ని నివారిస్తుంది? ఆ ప్రమాదానికి పట్టీయో, ముఖకవచమో చాలదా? ఇదే నియమం ఇక్కడి పురుషులకు, వైద్యులకు కూడ వర్తిస్తుందా? సమాధానం లిఖితపూర్వకంగా కోరండి. సమంజసమైన కారణం చెప్పినచో దానిని పాటించడం మన విధి. చెప్పలేని నాడు ఆ నియమం రోగి క్షేమం కొరకు పెట్టినది కాదని తేలిపోతుంది. అటువంటప్పుడు కళ్లజోడును సంచిలో దాచుకోక, ధరించే పని చేస్తామని చెప్పగల ధైర్యం మన విద్య మనకు ఇవ్వాలి.