కంప్యూటరు భాషలో జాబితా రకము

హుజూరాబాద్‌లో ఒకరు కంప్యూటరుపై దరఖాస్తు నింపుచున్నారనుకొందము. ‘పేరు’ అనుచోట ఏమి వ్రాసినను చెల్లును. ‘జిల్లా’ అనుచోట అట్లు చెల్లదు. అచ్చట చేరదగిన పేర్లు ఇన్ని యని లెక్క గలదు. తెలంగాణమున అవి 2016 అక్టోబరు 11కు ముందు 10. ఆనాడు 31 అయినవి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయినవి. ఇట్లు పేర్లన్నియు ముందే ఏర్పరచి, అందొకదానిని మాత్రమే గ్రహించు రకమును ప్రోగ్రామర్లు ‘ఎనుమరేషన్’ అనియు, క్లుప్తముగా ‘ఎనమ్’ అనియు అందురు. మేము దీనిని జాబితా రకమని పిలిచెదము.

దరఖాస్తులన్నింటిని తానే తయారుచేయు ప్రోగ్రామొకటి యున్నదనుకొందము. గడి జాబితా రకమునకు చెందినచో అది పేర్ల పట్టికను చూపవలెను. కానిచో ఖాళీ గడి నుంచవలెను. ఇందు పొరపడి ఖాళీ గడి నుంచినచో, ఒకరు ‘కరీంనగర్’ అనియు, వేరొకరు ‘కరీంనగరము’ అనియు వ్రాయుదురు. మనకు రెండును ఒకటే. కంప్యూటరునకు రెండు జిల్లాలు. అర్హుడైన వాని దరఖాస్తు లెక్కకు అందకపోవచ్చును.

మరి ఏది జాబితా రకమో తెలియుటెట్లు? పేరునుబట్టి ఊహింపరాదు, ఆ రకమునే అడుగవలెను. నడచుచున్న ప్రోగ్రాము తన నిర్మాణమును తానే పరిశీలించుకొను ఈ పద్ధతికి ‘రిఫ్లెక్షన్’ అని పేరు. అద్దములో ముఖము చూచుకొనుట వంటిదే యిది. 2004లో వెలువడిన 5వ కూర్పు నుండి జావా భాషలోను, సి షార్ప్ భాషలోను ‘ఈజ్ ఎనమ్’ అను ప్రశ్న గలదు. దానికి ‘అవును’, ‘కాదు’ అను రెండే సమాధానములు.

అయినను ప్రశ్నను తగినచోట వేయవలెను. సి షార్ప్‌లో ‘జిల్లా గడిని ఖాళీగా విడువవచ్చును’ అని నియమించినచో, ఆ రకముపై ‘నల్లబుల్’ అను తొడుగు పడును. తొడుగు నడిగినచో ‘కాదు’ అనును. దానిని తీసి లోపలి రకము నడిగినచో ‘అవును’ అనును. జావాలోను ఇట్టి చిక్కే మరియొకటి గలదు. జాబితాలోని ఒక పేరునకు ప్రత్యేకమైన నడవడిని వ్రాసినచో, ఆ విలువ యొక్క తరగతి వేరుగా ఏర్పడి ‘కాదు’ అని పలుకును. అప్పుడు ‘గెట్ డిక్లేరింగ్ క్లాస్’ ద్వారా మూలరకమును పట్టి, ప్రశ్నను దానికి వేయవలెను.

ఇంత చేసినను, రిఫ్లెక్షన్ చెప్పునది జాబితా యున్నదని మాత్రమే. అది సరియైనదని కాదు. హుజూరాబాద్ నియోజకవర్గములోని కమలాపూర్ మండలము 2016లో కరీంనగర్ జిల్లా నుండి వరంగల్ అర్బన్ జిల్లాకు మారినది. 2021లో ఆ జిల్లాకే హనుమకొండ యని పేరు వచ్చినది. పాత జాబితాను దిద్దనిచో, కమలాపూర్ వాసికి తన జిల్లా పేరు అందు కానరాదు. దానిని దిద్దవలసినది మనుష్యుడే.