నానీమా తిరగలి పాట

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాలు 2016 అక్టోబరు 11న మూడు జిల్లాలకు కేంద్రాలయ్యాయి. మా బాల్యంలో అవన్నీ ఒకే మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేవి. నానీమా ఇల్లు గద్వాలలో, మా చదువు వనపర్తిలో, అబ్బాజాన్ స్వగ్రామం నాగర్‌కర్నూల్ సమీపంలో. మూడు చోట్లా విన్న పాటలు నేటికీ మా వెంట ఉన్నాయి. వాటిలో ఒకటి మాత్రం సగమే మిగిలింది.

వనపర్తి బడిలో ప్రతి ఉదయం అల్లామా ఇక్బాల్ 1902లో పిల్లల కోసం రచించిన ‘బచ్చే కీ దుఆ’ పాడేవాళ్లం. పేదలకు ఆసరాగా, వృద్ధులకు ఆత్మీయులుగా బ్రతికే భాగ్యం అల్లాహ్‌ను అర్థిస్తున్నామని గురువుగారు విడమరచి చెప్పాకే మాకు తెలిసింది. నాగర్‌కర్నూల్ సంతలో కిన్నెర మీటుతూ పండుగ సాయన్న కథ పాడుతుంటే అబ్బాజాన్ సంచి కింద పెట్టి నిలబడిపోయేవారు. ఆ కిన్నెరతోనే ఈ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య 2022లో పద్మశ్రీ పొందినప్పుడు మాకు ఆ సంతే కళ్లముందు మెదిలింది.

ఇక ఆ సగం పాట నానీమాది. ఫజ్ర్ నమాజ్ ముగించి ఆమె తిరగలి ముందు కూర్చునేది. పిడికెడు జొన్నలు పోసి, బిస్మిల్లాహ్ అంటూ పాట అందుకునేది. రాయి తిరిగే లయకు పాట నడిచేది. పాట నడకకు రాయి తిరిగేది. ఆమె ఒడిలో తల పెట్టుకొని సగం నిద్రలో విన్నాం. అల్లాహ్ నామం, ప్రవక్త (స) నామం మా నాలుకపైకి మొదట వచ్చింది ఆ పాట ద్వారానే.

ఆ పాటకు పెద్ద వంశమే ఉందని తరువాత తెలిసింది. గద్వాలకు పడమర రాయచూరు, దానికి ఆవల బిజాపూర్. ఆ ప్రాంతపు సూఫీలు శతాబ్దాల క్రితమే దక్కనీ భాషలో తిరగలి పనికి చక్కీనామాలు, రాట్నానికి చర్ఖానామాలు, ఉయ్యాలకు లోరీనామాలు కూర్చారు. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 1978లో ప్రచురించిన గ్రంథంలో వీటిని వివరంగా చర్చించారు. తిరగలి పిడిని అలిఫ్ అక్షరంతో పోల్చి, చదువు రాని స్త్రీకి దైవ ఏకత్వాన్ని బోధించిన పాటలవి.

ఒకనాడు బంధువులలో పెద్ద ఒకరు అభ్యంతరం తెలిపారు. పాట చివరి చరణాలలో ఒక వలీని మొరపెట్టుకునే మాటలున్నాయని, పాడడం మానమని అన్నారు. నానీమా వాదించలేదు. మరునాటి నుండి మౌనంగా విసిరింది. కొన్నేళ్లకు వీధిలో గిర్నీ వచ్చింది, తిరగలి మూలకు చేరింది. నానీమా అల్లాహ్ సన్నిధికి చేరుకుంది. ఇప్పుడు మా అమ్మీకి మొదటి రెండు చరణాలే గుర్తు.

ఆ అభ్యంతరం సబబైనదే. మొర ఆలకించేవాడు అల్లాహ్ ఒక్కడే. కానీ రెండు చరణాలు దిద్దవలసిన చోట మొత్తం పాటనే ఆపివేశాం. ఖాళీ అయిన ఆ చోటును మంచి పాటతో నింపలేదు. సినిమా పాటలు వచ్చి నింపాయి.

దైవప్రవక్త (స) పద్ధతి చూడండి. పండుగనాడు హజ్రత్ ఆయిషా (రజి) ఇంట బాలికలు పాడుతుంటే హజ్రత్ అబూబక్ర్ (రజి) వారించబోయారు. ప్రవక్త (స) వారిని పాడనివ్వమన్నారు. కందకం తవ్వుతూ సహచరులు పద్యాలు పాడితే, మట్టి మోస్తూ ఆయన స్వయంగా గొంతు కలిపారు. శ్రమకు పాట తోడవడం ఆయనకు తెలుసు.

పాఠకులారా! మీ ఇంట నానీమా, దాదీమా ఉంటే నేడే వారి దగ్గర కూర్చోండి. పాట అడగండి. చేతిలోని ఫోనులో గొంతును, కాగితంపై మాటలను భద్రపరచండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ పని చేస్తూ పాడారో కూడా రాసుకోండి. ధర్మానికి సరిపడని మాట ఉంటే దానిని పిల్లలకు ప్రేమతో వివరించండి. అమ్మీ గొంతులో మిగిలిన ఆ రెండు చరణాలను మేమూ ఇటీవలే రికార్డు చేసుకున్నాం. ఆమె పాడుతూ, తెలియకుండానే కుడిచేతిని గుండ్రంగా తిప్పింది.

మన తల్లుల నోటి మంచిని మన పిల్లలకు అందించే భాగ్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.