చూడక విడుచు విద్య

పాత చదరంగ యంత్రములను సేకరించు చోడవరము పాఠకు డొకరు, 1982 నాటి ఫిడెలిటీ సెన్సరీ ఛాలెంజర్ 9 అను పెట్టెను సంపాదించి, నేటి చేతిఫోనుతో పోల్చిన అత్యల్పమైన అందలి 6502 చిప్పు తనకు ఆటకట్టు ఎట్లు చేయగలుగుచున్నదని వ్రాసి యడిగినారు. ఇంతకంటె మనోహరమైన ప్రశ్న నాకు ఇటీవల తటస్థింపలేదు.

ఈ యంత్రముల జన్మవృత్తాంతమును వేగముగా దాటుదము. 1977లో ఫిడెలిటీ సంస్థ తన మొదటి ఛాలెంజరును విపణికి తెచ్చెను. దాని తొలి ప్రతులలో నిలువు వరుసలకు అంకెలును అడ్డు వరుసలకు అక్షరములును పడి లోకసంప్రదాయము తారుమారయ్యెను. సేకర్తలకు నేడు ఆ తప్పే ముద్దు.

ఇక అసలు రహస్యము. ఒక స్థితిలో సగటున 35 ఎత్తులున్నవనుకొనుడు. ఇరువురును చెరి రెండెత్తులు వేయునప్పటికి 15,00,625 పర్యవసానము లేర్పడును. ఆ చిన్న చిప్పు వీనినన్నిటిని తూచవలసినచో మన కాఫీ చల్లారుటయే కాదు, ప్రొద్దు గ్రుంకును. అయితే నా మొదటి ఎత్తును పరీక్షించి, ప్రత్యర్థి ఎంత నిపుణముగా నాడినను నాకు నష్టము లేదని తేల్చుకొంటి ననుకొనుడు. రెండవ ఎత్తును చేపట్టగానే, అతని మొట్టమొదటి ప్రత్యుత్తరముననే నా మంత్రి పోవునని తెలిసినది. మిగిలిన 34 ప్రత్యుత్తరములను చూడనేల? అవి ఇంకను ఘోరములు కావచ్చును, కాకపోవచ్చును. ఆ ఎత్తు త్యాజ్యమగుటకు ఒక్కటి చాలును. అన్నిటిని వెదకిన వచ్చు ఫలితమే, అణుమాత్రము తేడా లేక, ఇట్లును వచ్చును! మేలైన ఎత్తులను ముందుగా చూడగలిగినచో 2,449 పర్యవసానములు చాలునని క్నూత్, మూర్ పండితులు 1975లో ప్రకటించిన గణితము వలన తేలును. చెడ్డవానిని ముందు చూచినచో లాభము శూన్యము. కనుకనే యంత్రము బలములను చంపు ఎత్తులను మొదట తడవి చూచును.

ఆల్ఫా-బీటా అను ఈ ఉపాయము 1956లో జాన్ మెకార్తీకి స్ఫురించెను. అయినను మెకార్తీ బృందపు కార్యక్రమము, సంభావ్యములని తోచిన కొన్ని ఎత్తులనే యెన్నుకొని తక్కినవానిని ఊహచేత విడిచినందున, 1966-67లో తంతివార్తలతో సాగిన పందెమున, అన్నిటిని గణించు మాస్కో కార్యక్రమమునకు 3-1గా ఓడెను. నిరూపించి విడుచుట యొకటి, ఊహించి విడుచుట మరియొకటి. జగజ్జేత బోత్విన్నిక్ సైతము ఈ ఊహామార్గమునే నమ్మి, పయొనీరు అను కార్యక్రమముపై ఏండ్లు వెచ్చించెను. అది ఒక్క పూర్తి ఆటయు ఆడినది కాదు. ఇంతలో కేథ్లీన్, డాన్ స్ప్రాక్లెన్ దంపతులు తమ సార్గాన్ కార్యక్రమమును, అక్షరమక్షరము ఎవరైనను చదువుకొనునట్లు, 1978లో పుస్తకముగా అచ్చువేసిరి. ఛాలెంజర్ 9 యందున్నది వారి రచనయే.

ఈ పెట్టె వెల యెంత పలుకునని కూడ ఆ పాఠకులు అడిగినారు. అంతటి బుద్ధిని చేతబట్టుకొని వెల ముచ్చట యేల? దానిని పదిలపరచుకొనుటయే ముఖ్యము. ఆడనప్పుడు బ్యాటరీలను తీసివేయుడు, అవి కారి రాగిదారులను తినివేయును. అడాప్టరు ధనఋణములను సరిచూడక గ్రుచ్చకుడు.