బండి మొరాయించకముందే...

ఫిబ్రవరి 9, 10, 11 తేదీలొచ్చాయంటే గుణదల కొండ కింద కాలు పెట్టడానికి చోటుండదు. మేరీమాత ఉత్సవాలకు నలుమూలల నుంచీ లక్షల మంది తరలివస్తారు. బస్సులూ రైళ్లకు తోడు కార్లూ బారులు తీరతాయి. ఆ రద్దీలో బానెట్ ఎత్తిన కారు ఒకటైనా కనిపించడం మామూలే. లోపల నుంచి పొగలు... పక్కనే చంటిబిడ్డతో తల్లి, చేతిలో నీళ్ల సీసాతో తండ్రి. సరిగ్గా అప్పుడే చాలామంది ఓ పెద్ద పొరపాటు చేస్తారు. గబగబా రేడియేటర్ మూత తిప్పేస్తారు!

వేడెక్కిన ఇంజిన్లో కూలెంట్ ఒత్తిడి మీద ఉంటుంది. మూత తీయగానే మరుగుతున్న ద్రవం మొహం మీదికి ఎగజిమ్ముతుంది. అందుకే ముందు బండిని పక్కన ఆపి, ఇంజిన్ కట్టేసి, కనీసం అరగంట ఆగాలి. వేడి ఇంజిన్ మీద చన్నీళ్లు కుమ్మరించినా ప్రమాదమే, లోహం పగుళ్లిచ్చే అవకాశం ఉంది. ట్రాఫిక్‌లో ఉండగానే టెంపరేచర్ ముల్లు పైకి పోతోందనుకోండి. ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టాలి. కాసేపు ఉక్కపోసినా ఇంజిన్ వేడి కొంత బయటికొచ్చేస్తుంది.

గుణదల వాసులకు ఒక ధైర్యం ఉంది. కొద్ది దూరంలోనే ఆసియాలోని పెద్ద ఆటోనగర్‌లలో ఒకటిగా పేరున్న విజయవాడ జవహర్ ఆటోనగర్. రేడియేటర్‌కో షెడ్డు, సెల్ఫ్‌కో షెడ్డు, లేత్ పనికో షెడ్డు, టింకరింగ్‌కో షెడ్డు. లారీ బాడీ దగ్గర నుంచి చిన్న బోల్టు దాకా అక్కడ దొరకనిది అరుదు. కానీ అర్ధరాత్రి హైవే మీద బండి ఆగితే ఆటోనగర్ నడిచి రాదు కదా!

పది నిమిషాలు చాలు

వారానికోసారి, ఆదివారం పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తండి. డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ ముంచి ఇంజిన్ ఆయిల్ చూడండి. రెండు గీతల మధ్య ఉండాలి. కూలెంట్ సీసాకూ బ్రేక్ ఆయిల్ డబ్బాకూ అలాంటి గీతలే ఉంటాయి. కూలెంట్ తరచూ తగ్గుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే. నీళ్లు పోసి సరిపెట్టుకోకుండా మెకానిక్‌కు చూపించాలి. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. సాధారణంగా రెండేళ్లకోసారి మార్పించాలి. లేకపోతే ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు పట్టు తప్పొచ్చు. సీఎన్జీ కారైతే సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో పరీక్ష తప్పనిసరి.

రోహిణి కార్తె ఎండలకు...

‘ఎండాకాలం టైర్లలో గాలి తగ్గించాలి’ అనే మాట చాలాచోట్ల వినిపిస్తుంది. అది తప్పు. గాలి తక్కువైన టైరు ఎక్కువగా నలిగి, ఇంకా వేడెక్కి పేలుతుంది. ఎంత గాలి ఉండాలో డ్రైవర్ తలుపు పక్కనో, పెట్రోలు మూత లోపలో అంటించి ఉంటుంది. దూరం తిరగకముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. స్టెప్నీని మర్చిపోకూడదు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే మార్చాల్సిందే. టైరు వయసు తెలుసుకోవడమూ తేలికే. పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ ఈడ్చుకుంటూ తిరుగుతోందంటే బ్యాటరీ చివరి దశకొచ్చిందని అనుమానించాలి. ఎండల వేడికి దాని ఆయుష్షు తగ్గుతుంది మరి.

బుడమేరు నేర్పిన పాఠం

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1... విజయవాడ మర్చిపోలేని రోజులు. కుండపోత వానకు తోడు బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట లాంటి ప్రాంతాలు నీట మునిగాయి. మరోపక్క ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇళ్ల ముందు నిలిపిన కార్లూ స్కూటర్లూ రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి.

నీళ్లు తీశాక ‘స్టార్టవుతుందేమో చూద్దాం’ అని తాళం తిప్పడమే అసలు ముప్పు. గాలి దారి గుండా సిలిండర్లోకి నీళ్లు చేరితే, పిస్టన్ వాటిని గాలిలా నొక్కలేదు. దాంతో కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆయిల్ మార్పుతో పోయేది ఇంజిన్ విప్పేదాకా వస్తుంది. మునిగిన బండిని అసలు స్టార్ట్ చేయకూడదు. వీలైతే బ్యాటరీ తీగ విప్పి, ఫొటోలు తీసుకుని, బీమా కంపెనీకి చెప్పి, లాగించుకుని వెళ్లాలి. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే సొంత బండికి పైసా రాదు. సమగ్ర బీమా ఉన్నా, నీళ్లలో స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్ పాడైతే మామూలుగా పరిహారం దక్కదు. దానికి విడిగా ‘ఇంజిన్ ప్రొటెక్షన్’ తీసుకోవాలి. వానాకాలానికి ముందే పాలసీ తీసి చదువుకోవడం మంచిది.

దారిలో ఆగిపోతే...

ముందు నాలుగు ఇండికేటర్లూ వెలిగించి, బండిని వీలైనంత ఎడమకు తీయాలి. ఎర్ర త్రికోణాన్ని సుమారు 50 మీటర్ల వెనక పెట్టాలి. పిల్లల్నీ పెద్దల్నీ కార్లోనే కూర్చోబెట్టడం కాదు, దించి రోడ్డుకు దూరంగా నిలబెట్టాలి. రాత్రిపూట ఆగిన బండిని వెనక నుంచి లారీలు గుద్దిన ప్రమాదాల్లో ప్రాణాలు పోయేది అలాగే. జాతీయ రహదారి మీదైతే 1033, ఎక్కడైనా 112, అంబులెన్స్‌కు 108.

డిక్కీలో జాకీ, వీల్ స్పానర్, గాలి ఉన్న స్టెప్నీ, టార్చిలైటు, జంపర్ తీగలు, తాడు, ప్రథమ చికిత్స పెట్టె, తాగునీళ్లు ఉండాలి. ఉంటే సరిపోదు, వాడటమూ రావాలి. ఓ సెలవు రోజు ఇంటి ముందే టైరు విప్పి బిగించి చూడండి. ఇంట్లో కారు నడిపే వాళ్లందరితోనూ చేయించండి.

కొత్త కారు కొనగానే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం ఎవరూ మర్చిపోరు. ఆ చక్రాల్లో గాలెంతుందో వారానికోసారి చూడటం మాత్రం గుర్తుండదు. దిష్టి తీయడం మంచిదే... దాంతోపాటు డిప్‌స్టిక్కూ తీస్తే ఇంకా మంచిది!