కొండ మీద తెల్లారితే: ప్రాస, గతి, పునరుక్తి

"మా పిల్లలకు ఛందస్సు రాదండీ" అని టీచర్లు అంటుంటారు. ఆ పిల్లలే సాయంత్రం డప్పు పట్టుకుంటే ఒక్క దెబ్బ తప్పరు. లెక్క తెలియని చేతికి దరువు ఎలా వస్తుంది? సబ్బవరం వైపు ఊళ్లలో పొద్దు ముందు కొండ మీద పడుతుంది, పేటలోకి తర్వాత దిగుతుంది. ఆ సంగతి మీదే మేము నాలుగు పాదాలు కట్టాం.

కొండ మీదను తెల్లవారెను
కొండ కిందను తెల్లవారద?
కట్టె మోసే అమ్మ కాళ్లకు
తెల్లవారేదెప్పుడో!

చేత్తో తట్టుతూ పాడి చూడండి. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. పక్కన సున్న ఉన్నా, తర్వాత జంట అక్షరం వచ్చినా రెండే. 'కొండ' మూడు, 'మీదను' నాలుగు. 'తెల్ల' మూడు, 'వారెను' నాలుగు. పాదానికి 14 మాత్రలు. ఈ మూడు-నాలుగుల నడకే మిశ్రగతి. 1910లో గురజాడ ముత్యాలసరాన్ని నడిపించింది ఈ గతిలోనే. చివరి పాదానికి 12 మాత్రలే. దరువు ఇంకా ఉండగానే మాట ఆగిపోతుంది, ఆ ఖాళీలో ప్రశ్న నిలబడుతుంది.

ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం కలవడం. మొదటి రెండు పాదాల్లో 'ండ' కలిసింది. మూడో పాదంలో తప్పింది. వృత్తంలో అయితే ఇది దోషం. మేము కావాలనే వదిలాం. చూపు కొండ దిగి అమ్మ కాళ్ల దగ్గరికి వచ్చినప్పుడు శబ్దం కూడా మారాలి కదా.

ఇక పునరుక్తి. 'తెల్లవారు' మూడుసార్లు వచ్చింది. చెప్పిందే చెప్పడం దోషమంటారు పండితులు. కానీ ఇక్కడ మాట ఒకటే, అర్థం ఒకటి కాదు. మొదటిసారి పొద్దు పొడిచింది, రెండోసారి నిలదీసింది, మూడోసారి విముక్తిని అడిగింది. అక్షరం దక్కనివ్వని జనానికి మళ్లీ మళ్లీ వచ్చే మాటే పుస్తకం. పాటకి పల్లవి చేసే పని అదే.

అలాగని పద్యాన్ని మనం వదులుకోవాలా? అక్కర్లేదు. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి, ప్రాస తప్పనిసరి. జాషువా అలాంటి కట్టడిలోనే నిలబడి 1941లో 'గబ్బిలం'తో అంటరానివాడి గోడు వినిపించాడు. ఛందస్సు ఒక కులం సొత్తు కాదని అలా తేల్చాడు. షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు (1943–2020) ఉత్తరాంధ్ర యాసలో, గజ్జెల దరువులో అదే తేల్చాడు.

అందుకే టీచర్లకు మా మాట ఒకటే. గురువు, లఘువు పేర్లు తర్వాత చెప్పండి. ముందు పిల్లల చేత దరువు వేయించండి. వాళ్లకు తెలిసిన లెక్కకే పేరు పెడుతున్నామని వాళ్లకు తెలియాలి.